అలాస్కా క్రూజ్‌కి వెళ్లాలా, వద్దా? టికెట్ కొనే ముందు వీసా, ఖర్చు, భోజనం, నమాజ్ లెక్కలు

చాలా ఇళ్లలో ఈ మాట ఒకేలా మొదలవుతుంది. కొడుకో కూతురో అమెరికాలో ఉద్యోగం. వేసవికి అమ్మీ, అబ్బా ఆరు నెలలు ఉండి రావడానికి వెళ్తారు. న్యూయార్క్, నయాగరా అయిపోయాయి. అప్పుడు ఫోన్‌లో ఒక ప్రకటన కనిపిస్తుంది. మంచు కొండల మధ్య తెల్లటి ఓడ, ఏడు రాత్రులు, మనిషికి 900 డాలర్లు. "ఈసారి అందరం కలిసి అలాస్కా వెళ్దామా?" అని ఇంట్లో చర్చ మొదలవుతుంది.

ఈ ప్రయాణం బాగుంటుందా అంటే బాగుంటుంది. కానీ మీ కుటుంబానికి సరిపోతుందా అనేది వేరే ప్రశ్న. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఓడరేవు దాకా వెళ్లి, కెనడా వీసా లేదని వెనక్కి తిరగాల్సి వస్తే కట్టిన డబ్బు మొత్తం పోతుంది. 900 అని కనిపించిన టికెట్ చివరికి రెండింతలు దాటుతుంది. జూన్‌లో అక్కడ ఇషా సమయం మామూలు లెక్కకి దొరకదు. ఇవన్నీ ముందే తెలిస్తే నిర్ణయం తేలిక.

ఇంతకీ ఈ ప్రయాణం ఏమిటి?

అలాస్కా క్రూజ్ అంటే ఎక్కువగా ఆగ్నేయ అలాస్కా తీరం వెంట వెళ్లే ప్రయాణం. ఒక పక్క వేల దీవులు, ఇంకో పక్క కొండలు, మధ్యలో ఇరుకైన సముద్రపు దారి. దీన్ని ఇన్‌సైడ్ పాసేజ్ అంటారు. సీజన్ ఏప్రిల్ చివర్లో మొదలై అక్టోబర్ దాకా ఉంటుంది. అసలు రద్దీ జూన్, జూలై, ఆగస్టులో.

ప్రయాణాలు రెండు రకాలు. మొదటిది రౌండ్ ట్రిప్. సియాటెల్‌లో గానీ కెనడాలోని వాంకోవర్‌లో గానీ ఎక్కి, ఏడు రాత్రుల తర్వాత అక్కడే దిగడం. రెండోది ఒకవైపు ప్రయాణం. వాంకోవర్‌లో ఎక్కి, ఆంకరేజ్‌కి దగ్గర్లో ఉన్న సీవర్డ్ లేదా విట్టియర్‌లో దిగడం, లేదా అటు నుంచి ఇటు రావడం. రౌండ్ ట్రిప్‌లో విమాన టికెట్లు చవక, సామాన్ల గొడవ తక్కువ. ఒకవైపు ప్రయాణంలో చూసేవి ఎక్కువ, దిగాక డెనాలి నేషనల్ పార్క్ కూడా చూసి రావచ్చు, కానీ విమాన ఖర్చు పెరుగుతుంది.

సియాటెల్ నుంచి వెళ్లే ఓడలు సాధారణంగా వాంకోవర్ దీవికి పడమర వైపు, తెరిచిన పసిఫిక్ సముద్రం మీదుగా వెళ్తాయి. వాంకోవర్ నుంచి వెళ్లేవి దీవికి లోపలి వైపు ప్రశాంతమైన నీళ్లలో సాగుతాయి. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవాళ్లకి ఇది చిన్న తేడా కాదు.

ఏం చూస్తారు?

జూనో: అలాస్కా రాజధాని. బయటి నుంచి ఈ ఊరికి రోడ్డు లేదు, ఓడలోనో విమానంలోనో రావాల్సిందే. ఊరి నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో మెండెన్‌హాల్ హిమానీనదం ఉంటుంది, బస్సులో వెళ్లొచ్చు. చలికాలం హవాయి దగ్గర గడిపే హంప్‌బ్యాక్ తిమింగలాలు వేసవిలో మేత కోసం ఈ నీళ్లకి వస్తాయి. వాటిని చూపించే చిన్న పడవలు జూనో నుంచి బయల్దేరతాయి. రద్దీ పెరిగిపోవడంతో రోజుకి ఐదు పెద్ద ఓడలకి మించకుండా 2024 నుంచి పరిమితి పెట్టారు.

స్కాగ్వే: 1897, 98లో కెనడాలోని క్లాండైక్ బంగారం కోసం జనం ఈ ఊరి మీదుగానే కొండలెక్కారు. అప్పుడు వేసిన చిన్న గేజి రైలు, వైట్ పాస్ అండ్ యూకాన్ రూట్, ఇప్పుడు టూరిస్టుల్ని తీసుకెళ్తోంది. సుమారు 32 కిలోమీటర్లలో 900 మీటర్ల దాకా ఎక్కుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూర్చునే అన్నీ చూడొచ్చు.

కెచికాన్: సాల్మన్ చేపలకి, స్థానిక తెగల వాళ్లు చెక్కిన టోటెమ్ స్తంభాలకి పేరు. వానకీ పేరే. ఏడాదికి 150 అంగుళాల దగ్గర పడుతుంది. గొడుగు కంటే టోపీ ఉన్న రెయిన్ కోటు మేలు.

గ్లేసియర్ బే: చాలామంది అసలు వెళ్లేది దీనికోసమే. 1794లో కెప్టెన్ జార్జ్ వాంకోవర్ బృందం వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు మొత్తం మంచుతో మూసుకుపోయి ఉంది. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు 60 కిలోమీటర్లకి పైగా వెనక్కి పోయింది. ఇవాళ ఓడ సుమారు 100 కిలోమీటర్లు లోపలికి వెళ్లగలుగుతోంది. 1980లో నేషనల్ పార్క్ అయింది, 1992లో యునెస్కో జాబితాలో చేరింది. రోజుకి రెండు పెద్ద ఓడలనే రానిస్తారు. ఇక్కడ ఎవరూ దిగరు. పార్క్ రేంజర్లు ఓడెక్కి వివరాలు చెప్తారు, మీరు పై డెక్ మీద నుంచి చూస్తారు.

హబ్బర్డ్ హిమానీనదం: 120 కిలోమీటర్ల పొడవు, నీళ్ల దగ్గర ముఖం దాదాపు పది కిలోమీటర్ల వెడల్పు. మిగతావి చాలావరకు కరిగి వెనక్కి పోతుంటే ఇది నూరేళ్లకి పైగా ముందుకి జరుగుతూ వస్తోంది.

అన్ని ఓడలూ అన్ని చోట్లకీ వెళ్లవు. గ్లేసియర్ బే అనుమతి కొన్ని కంపెనీలకే ఎక్కువగా ఉంటుంది. మీరు కొనే టికెట్‌లో ఏ హిమానీనదం రాసి ఉందో చదవాలి. రాసి ఉన్నా, పొగమంచు పట్టినా, నీళ్లలో మంచు గడ్డలు ఎక్కువున్నా కెప్టెన్ దారి మార్చొచ్చు. 2025 ఆగస్టులో ట్రేసీ ఆర్మ్ అనే ఇరుకు అఖాతంలో పెద్ద కొండచరియ విరిగిపడి అలలు ఎగిశాయి. ఇలాంటప్పుడు దారి మారిందని డబ్బు తిరిగి ఇవ్వరు, టికెట్ షరతుల్లోనే ఆ మాట ఉంటుంది.

అన్నిటికంటే ముందు వీసా

ఓడ అమెరికాలో ఎక్కి అమెరికాలో దిగుతుంటే కెనడా వీసా ఎందుకని చాలామంది అనుకుంటారు. దీని వెనక 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, ప్యాసెంజర్ వెస్సెల్ సర్వీసెస్ యాక్ట్. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికుల్ని మధ్యలో వేరే దేశం రేవులో ఆగకుండా అమెరికా రేవుల మధ్య తిప్పకూడదు. పెద్ద క్రూజ్ ఓడలు చాలావరకు బహామాస్, పనామా లాంటి దేశాల్లో రిజిస్టర్ అయ్యుంటాయి. అందుకే సియాటెల్ ఓడలు కెనడాలోని విక్టోరియాలో, చాలాసార్లు సాయంత్రం పూట కొన్ని గంటలు ఆగుతాయి. ఆ కొన్ని గంటల కోసం వీసా కావాలి. "మేం ఓడ దిగం, లోపలే కూర్చుంటాం" అన్నా కుదరదు.

ఎవరికి ఏం కావాలో ఇలా చూసుకోండి.

- అమెరికా పౌరులు: పాస్‌పోర్టు ఉంటే చాలు. ఒకే రేవులో ఎక్కి దిగే ప్రయాణాల్లో పాస్‌పోర్టు లేకుండా జనన ధ్రువపత్రంతో వెళ్లొచ్చనే సడలింపు వాళ్లకే. అది విని ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మోసపోకూడదు.
- గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు: 2022 ఏప్రిల్ నుంచి కెనడాకి వీసా గానీ ఈటీఏ గానీ అక్కర్లేదు. చెల్లే పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు రెండూ దగ్గరుండాలి.
- హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 మీద ఉన్న ఇండియన్ పౌరులు: కెనడా విజిటర్ వీసా కావాలి.
- బీ1/బీ2 మీద వచ్చిన తల్లిదండ్రులు: వాళ్లకీ కెనడా వీసా కావాలి. అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి, గడువు మిగిలి ఉండాలి.

కెనడా వీసా ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి 85. ఫీజు కంటే ముఖ్యం సమయం. ఇండియాలో ఉండగానే అమ్మీ, అబ్బాల కెనడా వీసా తీసుకుంటే మంచిది. అమెరికా వచ్చాక అప్లై చేస్తే పాస్‌పోర్టు పంపించడం, తిరిగి రావడం అంతా టెన్షనే.

హెచ్1బీ వాళ్లలో చాలామందికి పాస్‌పోర్టులో స్టాంపు గడువు అయిపోయి, ఐ-94 మాత్రం నడుస్తూ ఉంటుంది. కెనడాకి వెళ్లి 30 రోజుల్లోపు తిరిగి వచ్చేవాళ్లకి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. అయితే అక్కడ ఉండగా కొత్త అమెరికా వీసాకి అప్లై చేస్తే అది వర్తించదు. మీ పరిస్థితిని కంపెనీ లాయర్‌కి చూపించి, క్రూజ్ కంపెనీ కూడా ఒప్పుకుంటుందో లేదో రాతలో తెప్పించుకున్నాకే టికెట్ కొనండి. ఇంకో మాట, కెనడా తాకి వస్తే అమ్మీ, అబ్బాలకి మళ్లీ ఆరు నెలలు ఇస్తారనే లెక్క పెట్టుకోవద్దు.

వీసా రాకపోవడాన్ని మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ సాధారణంగా కవర్ చేయదు. కాబట్టి వరస ఇలా ఉండాలి. ముందు వీసా, తర్వాత టికెట్. తొందరగా బుక్ చేయాల్సి వస్తే, తిరిగి ఇచ్చే డిపాజిట్ ఉన్న రకమే తీసుకోవాలి.

900 డాలర్లు ఎలా పెరుగుతుంది?

డాలస్‌లో ఉండే ఒక కుటుంబాన్ని ఉదాహరణకి అనుకుందాం. భార్యాభర్తలు, అబ్బాయి వైపు అమ్మీ, అబ్బా. మొత్తం నలుగురు, రెండు గదులు, కిటికీ లేని లోపలి గదులు. నలుగురివీ ఇండియన్ పాస్‌పోర్టులే. ఈ అంకెలు లెక్క అర్థమవడానికి వేసుకున్నవి, మీ తేదీకి, మీ ఓడకి మారతాయి.

- టికెట్: మనిషికి 900 చొప్పున 3,600 డాలర్లు
- పన్నులు, రేవు ఫీజులు: 250 చొప్పున 1,000
- సిబ్బందికి టిప్స్: రోజుకి మనిషికి 17 చొప్పున, 7 రోజులకి 476
- డాలస్ నుంచి సియాటెల్ రానుపోను విమానం: 300 చొప్పున 1,200
- ముందు రోజు రాత్రి హోటల్, రెండు గదులు: 400
- తిమింగలాల పడవ, ఒక్కసారి: 180 చొప్పున 720
- కెనడా వీసాలు, నలుగురికి: సుమారు 540
- ఇన్సూరెన్స్: 300
- ఇంటర్నెట్, రేవుల్లో బస్సులు, చిల్లర: 200

మొత్తం 8,436 డాలర్లు. ప్రకటనలో కనిపించిన 3,600కి రెండింతలకి పైనే. డాలర్ 90 రూపాయల లెక్కన 7 లక్షల 59 వేలు. ఇందులో బాల్కనీ గది లేదు, హెలికాప్టర్ లేదు, షాపింగ్ లేదు. అమ్మీ, అబ్బాలు ఇండియా నుంచి వచ్చిన విమాన టికెట్లూ ఇందులో లేవు.

తగ్గించుకునే చోట్లు ఉన్నాయి. మే నెలలో, సెప్టెంబర్‌లో రేట్లు తక్కువ. బాల్కనీ లేకపోయినా నష్టం లేదు. హిమానీనదం దగ్గర కెప్టెన్ ఓడని నెమ్మదిగా తిప్పుతాడు, పై డెక్ మీద అందరికీ కనిపిస్తుంది. అయితే పర్దా పాటించే ఆడవాళ్లు, ఎక్కువసేపు నిలబడలేని పెద్దవాళ్లు ఉంటే బాల్కనీ సౌకర్యం వేరే. అలాంటప్పుడు పెద్దవాళ్ల గదికి బాల్కనీ, చిన్నవాళ్లకి లోపలి గది తీసుకుంటే ఖర్చు మధ్యస్థంగా ఉంటుంది.

డ్రింక్స్ ప్యాకేజీ అంటగడతారు. తాగని ఇంటికి అది దండగ. మంచినీళ్లు, టీ, కాఫీ, భోజనం మామూలుగా టికెట్‌లోనే ఉంటాయి. "అన్నీ కలిపి" అని చెప్పే టికెట్‌లో మద్యం ఖరీదు కూడా కలిసి ఉంటుంది, కాబట్టి అది లేని టికెట్ రేటు ఎంతో అడగాలి. నెలవారీ వాయిదాల స్కీములు కూడా చూపిస్తారు. వడ్డీ ఉందా, ఆలస్యమైతే ఏం పడుతుందా అని చదవకుండా ఒప్పుకోవద్దు. మిగతా డబ్బు చాలా కంపెనీలు ప్రయాణానికి రెండున్నర, మూడు నెలల ముందే కట్టించుకుంటాయి. ఆ తేదీ దాటాక రద్దు చేసుకుంటే కోత మొదలవుతుంది, దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏజెంట్ దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. ఈ రేటు గత కొన్ని బడ్జెట్లలో చాలాసార్లు మారింది, కొనే రోజు రేటు అడగండి. అది పోయిన డబ్బు కాదు, ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్‌లో చూపించి సర్దుబాటు గానీ వాపసు గానీ తీసుకోవచ్చు. రసీదు మీ పాన్ నంబర్‌తో ఉండాలి.

చలి ఎంత? ఏ నెల మేలు?

అలాస్కా అనగానే మైనస్ డిగ్రీలు గుర్తొస్తాయి. వేసవిలో ఈ తీరంలో అంత ఉండదు. జూలైలో జూనోలో పగలు 17, 18 డిగ్రీలు, రాత్రి 10 దగ్గర. ఇబ్బంది పెట్టేది గాలి, తడి. హిమానీనదం ముందు డెక్ మీద నిలబడితే మంచు మీద నుంచి వచ్చే గాలికి డిసెంబర్ తెల్లవారుజామున అరకులో బండి మీద వెళ్తున్నట్టు ఉంటుంది. ఒక లావు కోటు కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మంచిది. లోపల థర్మల్, మీద స్వెట్టర్, ఆపైన వాన ఆపే జాకెట్. చెవులు మూసే టోపీ, గ్లోవ్స్, జారని బూట్లు. షల్వార్ కింద థర్మల్ వేసుకుంటే ఆడవాళ్లకి చాలు.

మే, జూన్‌లో వాన తక్కువ, కొండల మీద మంచు ఇంకా ఉంటుంది. జూలై, ఆగస్టులో కాస్త వెచ్చగా ఉంటుంది, సాల్మన్ చేపలు ఏటికి ఎదురెక్కుతాయి, వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి, రేట్లూ ఎక్కువే. సెప్టెంబర్‌లో రేట్లు తగ్గుతాయి, వాన పెరుగుతుంది, సముద్రం కాస్త కదులుతుంది.

భోజనం

పెద్ద ఓడల్లో భోజనానికి లోటు ఉండదు. మనకి తినదగింది ఏది అనేదే ప్రశ్న. చాలా కంపెనీలు ముందుగా రాసి అడిగితే హలాల్ భోజనం ఏర్పాటు చేస్తామంటాయి. కానీ "హలాల్" అంటే ఒక్కో ఓడలో ఒక్కో అర్థం. కొన్నిచోట్ల సర్టిఫికెట్ ఉన్న మాంసం తెచ్చి వండుతారు, కొన్నిచోట్ల ప్యాక్ చేసిన భోజనం వేడి చేసి ఇస్తారు, కొన్నిచోట్ల పంది మాంసం లేకపోతే చాలనుకుంటారు. బుక్ చేసేటప్పుడే మూడు ప్రశ్నలు ఈమెయిల్‌లో అడగండి. మాంసం ఎవరి సర్టిఫికెట్‌తో వస్తుంది? వేరే గిన్నెల్లో వండుతారా? ఇది ఏడు రోజులూ ఉంటుందా, ఒకే హోటల్ గదిలోనా? జవాబు దాచిపెట్టుకుని, ఓడెక్కిన రోజే హెడ్ వెయిటర్‌కి చూపించాలి.

జవాబు నమ్మకంగా లేకపోతే చేపలు, శాకాహారం మీద వారం గడపొచ్చు. అలాస్కాలో చేపల పెంపకం కేంద్రాల మీద 1990 నుంచి నిషేధం ఉంది, అక్కడ పట్టే సాల్మన్ సముద్రంలో పెరిగిందే. హాలిబట్ కూడా బాగుంటుంది. సాస్‌లో వైన్ పోస్తారా అని అడగడం మర్చిపోవద్దు. కింగ్ క్రాబ్ అంటే అక్కడ పెద్ద పేరు, కానీ హనఫీ మసలక్‌లో పీత తినరు. పుడ్డింగులు, జెల్లీ స్వీట్లలో జెలటిన్ ఉంటుంది. పెద్ద ఓడల్లో పప్పు, చనా, అన్నం లాంటి ఇండియన్ వంటకాలు తరచుగా దొరుకుతాయి. అమ్మీ పెట్టుకునే ఆవకాయ సీసా సీల్ తీయనిదైతే అడగొచ్చు గానీ, ఇంట్లో వండిన పదార్థాలు చాలా కంపెనీలు ఓడలోకి రానివ్వవు. రైస్ కుక్కర్, హీటర్ అసలే కుదరవు.

నమాజ్, ఖిబ్లా

జూనోలో జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు తెల్లవారుజామున 4 గంటల లోపే ఉదయించి, రాత్రి 10 దాటాక అస్తమిస్తాడు. పగలు 18 గంటలకి పైనే. సమస్య మగ్రిబ్ తర్వాత వస్తుంది. ఇషా, ఫజర్ సమయాలకి సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలో 15 డిగ్రీలో కిందకి పోవాలనే లెక్క వాడతారు. జూనో అక్షాంశంలో ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా సూర్యుడు 18 డిగ్రీలు కిందకి పోడు. రాత్రంతా ఆకాశంలో పలచని వెలుగు ఉంటుంది. ఫోన్ యాప్ ఇషా దగ్గర ఖాళీ చూపించొచ్చు, లేదా అర్ధరాత్రి దాటిన సమయం చూపించొచ్చు.

ఇలాంటి ప్రాంతాలకి ఉలమాలు చెప్పిన పద్ధతులున్నాయి. రాత్రిని ఏడు భాగాలు చేసి లెక్కించడం, రాత్రి సగాన్ని తీసుకోవడం, రాత్రి పగలు మామూలుగా ఉండే దగ్గరి ప్రాంతం సమయాన్ని పాటించడం. యాప్ సెట్టింగ్స్‌లో "హై లాటిట్యూడ్" అనే చోట ఇవే ఉంటాయి. వాటిలో ఏది పాటించాలో బయల్దేరే ముందు మీ మసీదు ఇమామ్ సాబ్‌ని అడిగి, కుటుంబమంతా ఒకటే పెట్టుకుంటే ఓడలో వాదన ఉండదు. ముసాఫిర్‌గా ఖసర్ సంగతి, జుమా సంగతి, నమాజులు కలపడం గురించి మసలక్‌ని బట్టి తేడాలున్నాయి కాబట్టి అవీ అప్పుడే అడిగేయండి. చల్లటి నీళ్లకి భయపడే పెద్దవాళ్లు చర్మపు మేజోళ్ల మీద మసహ్ వివరం కూడా తెలుసుకుంటే మంచిది.

మన దగ్గర ఖిబ్లా పడమర. జూనో నుంచి భూగోళం మీద దగ్గరి దారి లెక్కన అది దాదాపు ఉత్తరం, 5 డిగ్రీలు తూర్పుకి. ఓడ తిరుగుతూ ఉంటుంది, ఇనుము మధ్య ఫోన్ దిక్సూచి తప్పు చూపించొచ్చు. గదిలో టీవీ మీద ఓడ వెళ్లే దిశ చూపిస్తారు, దాన్ని బట్టి సరిచూసుకోవచ్చు. అలాస్కా గడియారం సియాటెల్ కంటే గంట వెనక, ఓడ గడియారం మారిన రోజు ఫోన్ కూడా మార్చుకోవాలి.

బార్లు, కాసినో, సంగీతం ఓడలో ఉంటాయి. వాటి పక్క నుంచి నడవాల్సి వస్తుంది. ఓడ పటంలో వాటికి దూరంగా ఉన్న గది ఎంచుకుంటే పొగ, చప్పుడు తప్పుతాయి.

పెద్దవాళ్లు, పిల్లలు, ఆరోగ్యం

ఓడలో డాక్టర్, చిన్న క్లినిక్ ఉంటాయి, పెద్ద ఆస్పత్రి ఉండదు. గుండె నొప్పి లాంటిది వస్తే రేవులో దించడమో హెలికాప్టర్‌లో తరలించడమో చేస్తారు. ఆ బిల్లు టికెట్ ఖర్చుని ఎన్నో రెట్లు దాటొచ్చు. ఇండియాలో ఉన్న మామూలు హెల్త్ పాలసీ అక్కడ చాలావరకు పనికిరాదు. తీసుకునే ఇన్సూరెన్స్‌లో రెండు విషయాలు చూడాలి. అత్యవసర తరలింపు ఖర్చు ఉందా? ముందే ఉన్న షుగర్, బీపీ, గుండె జబ్బు వల్ల వచ్చే ఇబ్బందికి ఇస్తారా? ఈ రెండూ లేని పాలసీ చవకగా వచ్చినా ఉపయోగం తక్కువ.

మందులు మొత్తం రోజులకి సరిపడా, డాక్టర్ చీటీతో చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్‌కి గదిలో ఫ్రిజ్ ఉందో లేదో అడగాలి. చక్రాల కుర్చీ కావాలంటే బుకింగ్‌లోనే చెప్పాలి. కడుపు తిప్పేవాళ్లకి ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది మంచిది. గర్భిణులకి ప్రయాణం ముగిసేలోగా 24వ వారం వచ్చేస్తే సాధారణంగా ఎక్కనివ్వరు. ఆరు నెలల లోపు పిల్లల్నీ తీసుకోరు, కొన్ని ప్రయాణాలకి ఏడాది నిండాలి.

ఓడ లేకుండా కూడా అలాస్కా ఉంది

కెనడా వీసా రాలేదని, వారం రోజులు ఓడలో ఉండలేమని ఆగిపోవాల్సిన పని లేదు. సియాటెల్ నుంచి ఆంకరేజ్‌కి విమానంలో మూడున్నర గంటలు. అమెరికా లోపలి ప్రయాణమే కాబట్టి కెనడా వీసా అక్కర్లేదు. అక్కడి నుంచి కారులోనో రైల్లోనో సీవర్డ్ వెళ్లి, కెనాయ్ ఫియార్డ్స్ నేషనల్ పార్క్‌కి ఒక రోజు పడవ ఎక్కితే హిమానీనదం, తిమింగలాలు రెండూ చూసి సాయంత్రానికి వెనక్కి రావచ్చు. అద్దె ఇంట్లో వంట చేసుకోవచ్చు. ఆంకరేజ్‌లో మసీదు కూడా ఉంది. నాలుగైదు రోజులు చాలు.

1963 నుంచి నడుస్తున్న అలాస్కా ప్రభుత్వ ఫెర్రీ సర్వీసు ఇంకో దారి. ఆటపాటలు, బార్ల హడావుడి లేని మామూలు ప్రయాణం. ఇది కుర్రవాళ్లకి నచ్చుతుంది, పెద్దవాళ్లకి కష్టం. కొన్ని సర్వీసులు కెనడా రేవుకి వెళ్తాయి కాబట్టి దారి చూసుకుని కొనాలి.

చివరికి నిర్ణయం

ఇవి ఉంటే వెళ్లండి: అందరికీ పత్రాలు చేతిలో ఉన్నాయి. అసలు ఖర్చు, అంటే ప్రకటన రేటుకి రెండింతలకి పైన, అప్పు లేకుండా పెట్టగలరు. భోజనం గురించి ఓడ కంపెనీ నుంచి రాతలో జవాబు వచ్చింది. అమ్మీ, అబ్బాలకి తరలింపు ఖర్చుతో కూడిన ఇన్సూరెన్స్ ఉంది. వాన పడి రెండు రోజులు ఏమీ కనిపించకపోయినా, అందరం కలిసి వారం గడిపాం చాలు అనుకోగలరు.

వీటిలో ఏదైనా ఉంటే ఆగండి: వీసా ఇంకా రాలేదు, డబ్బు కట్టే ఆఖరి తేదీ దగ్గర పడింది. హజ్ కోసం దాచిన డబ్బులోంచి తీయాల్సి వస్తోంది. ఇంట్లో ఒకరికి ఈ మధ్యే గుండె ఆపరేషన్ అయింది, డాక్టర్ ఇంకా సరే అనలేదు. వెళ్లాలనే కోరిక పిల్లలదే, అబ్బాకి చలి అంటేనే పడదు.

ఆఖరిది చాలా ఇళ్లలో అడగరు. కొడుకు టికెట్లు కొనేసి ఆశ్చర్యపరుద్దామనుకుంటాడు. అమ్మీ మొహమాటానికి "నీ ఇష్టం బేటా" అంటుంది. డబ్బు కట్టే ముందు ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఓడలో రోజు ఎలా గడుస్తుందో, ఏం తింటారో, ఎంత నడవాలో చెప్పి, తర్వాత అడగండి. అప్పుడు వచ్చే జవాబు నమ్మొచ్చు.